కిటికీలోంచి కాలేజీ చూసిన గంగులమ్మ

నగరిలో నాకొక నెట్ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మనసైతే పనిచేసే ఇన్వర్టరు. ఆధార్ మార్పులు, పింఛను దరఖాస్తులు, రైలు టికెట్లు ఏడాది పొడుగునా ఉండేవే. ఎంసెట్ ర్యాంకులొచ్చి వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయంటే మాత్రం నా అంగడి ముందు చెప్పులు విడవడానికి చోటుండదు. ఈ పన్నెండేళ్లలో ఎన్ని వందల మంది పిల్లలకు ఆప్షన్లు పెట్టానో నాకే గుర్తులేదు. వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసే మనిషి, కొడుకు నాలుగేళ్ల చదువు దగ్గరికొచ్చేసరికి "మా బామ్మర్ది కొడుకు యాడ చేరినాడో అదే పెట్టప్పా" అంటాడు.

ఒకాయన గేటు ఎత్తుగా ఉన్న కాలేజీలే పెట్టమన్నాడు. ఎందుకన్నా అంటే, పిల్లోడు ఎగిరి దూకలేడు కదా అన్నాడు. ఒకామె హాస్టల్లో ఆదివారం కోడికూర వేసే కాలేజీలన్నీ వరుసగా పెట్టించుకుని వెళ్లి, మర్నాడు ఫోన్ చేసింది. చదువు సంగతి ఇప్పటికైనా గుర్తొచ్చిందనుకుని సంతోషపడ్డాను. బుధవారం గుడ్డు పెడతారో లేదో కనుక్కోమంది.

నాకు కోపమొస్తుంది. లోపల దాచుకోను, పైకే తిడతాను. తిట్టి, వాళ్లు చెప్పిందే టైపు చేస్తాను. మరి కాలేజీ ఎలా చూడాలో నీకు తెలుసా అని ఎవరైనా నన్ను అడిగి ఉంటే నేనూ నీళ్లు నమిలేవాణ్ణే. ఆ సంగతి నాకు నేర్పింది మా సందులో గంగులమ్మ. ఆమె బడికి వెళ్లింది రెండో తరగతి వరకే. పైగా రెండు చెవులూ వినపడవు.

మా సందులో పొద్దున ఆరింటికి మరమగ్గాలు మొదలైతే మళ్లీ కరెంటు పోయేదాకా ఆగవు. ఆ చప్పుడుకి కొత్తగా వచ్చిన చుట్టాలు తల పట్టుకుంటారు. మాకు అది ఆగితేనే తలనొప్పి. గంగులమ్మ ఎనిమిదో ఏట కండెలకు నూలు చుట్టడానికి కూర్చుంది. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలొచ్చాక మొగుడితో సమానంగా షెడ్డులో నిలబడింది. నలభై ఏళ్లు ఆ మోతలో నిలబడితే చెవులు నిలుస్తాయా? మొదట కుడిచెవి పోయింది, తర్వాత ఎడమ చెవి. కొడుకు సుబ్రమణ్యం మద్రాసు తీసుకెళ్లి చెవి మిషను పెట్టించుకొచ్చాడు. ఆమె ఒక్క పూట పెట్టుకుని తీసేసింది.

"నలభై ఏండ్లు ఊరికే ఇన్న మోతే కదరా, మళ్లీ దుడ్లిచ్చి ఇనాల్నా?" అంది.

ఆ మిషను ఇప్పుడు దేవుడి గూట్లో విభూతి పక్కన ఉంది. శుక్రవారం పటాలతో పాటు దానికీ ఒక బొట్టు పడుతుంది.

చెవులు పోయినా గంగులమ్మకు లోటేమీ లేదని మేమందరం అనుకునేవాళ్లం. ఎందుకంటే షెడ్డులో అసలు ఎవరూ ఎవరి మాటా వినరు, చూస్తారు. పోగు తెగిందనో, టీ వచ్చిందనో అవతలి మగ్గం దగ్గర మనిషి పెదాలు కదిలిస్తే ఇవతలి మనిషికి అందుతుంది. మగ్గాల ఇళ్లలో అందరికీ ఈ విద్య కాస్తో కూస్తో వచ్చు. కాకపోతే మిగతా వాళ్లది షెడ్డు గడప దగ్గరే ఆగిపోతుంది. గంగులమ్మది ఊరంతా పారుతుంది. రోడ్డుకు అవతల మిద్దె మీద ఇద్దరు మాట్లాడుకుంటే ఇవతల అరుగు మీద కూర్చుని జవాబు చెప్పేస్తుంది. పెళ్లి మాటలకు పోతే ఆడపిల్లవాళ్లు ఆమెను కావాలనే మగపిల్లవాడి తరఫు పెద్దల ఎదురుగా కూర్చోబెడతారు. సందులో ఆడవాళ్లు ఆమె వస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అది మర్యాద అని బయటివాళ్లు అనుకుంటారు.

టీవీలో తమిళం నుంచి తెలుగులోకి మార్చిన సీరియల్ వస్తే ఆమె దగ్గర జనం గుమిగూడతారు. నగరిలో తమిళం రాని వాళ్లెవరు? తెరమీద అత్త "నీ సంగతి చూస్తాను" అని తెలుగులో అంటుంటే, గంగులమ్మ ఆ పెదాలు చూసి, "అదిగాదు అనింది, ఇంగా పెద్ద మాట" అని అసలు తిట్టు చెబుతుంది. ఆ అసలు తిట్టు కోసమే సగం మంది సీరియల్ చూసేది. నా మటుకు నేను, ఎవరికైనా రెండ్రోజుల్లో ఇస్తానని ఫోన్లో అబద్ధం చెప్పాలంటే కంప్యూటర్ వెనక్కి తల వంచుకునేవాణ్ణి.

ఇక అసలు కథ మోనికది. సుబ్రమణ్యానికి ఒక్కతే కూతురు, గంగులమ్మకు ఒక్కతే మనవరాలు. ఈ పిల్ల చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కానీ మోతలో పెరిగింది కదా, ఏ మాటైనా రెండోసారి అడిగి చెప్పించుకోవడం అలవాటు. అడగడం కూడా షెడ్డులో అడిగినంత గట్టిగా అడుగుతుంది. ఇంటర్లో చేరిన మొదటి వారమే "ఏమన్నారు సార్?" అని ఈ పిల్ల అరిస్తే క్లాసంతా నవ్వింది. రెండోసారి అడిగితే ఆ సారు, "చెప్పింది ఇనపడకపోతే డాక్టరు దగ్గరికి పో, నా దగ్గరికి కాదు" అన్నాడట. అప్పట్నుంచి రెండేళ్లు క్లాసులో నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఫోన్లో పాఠాలు పెట్టుకుని ఒక్కోటి నాలుగుసార్లు వెనక్కి తిప్పుకుని చూసి, ఎలక్ట్రానిక్స్ వచ్చేంత ర్యాంకు తెచ్చుకుంది.

ర్యాంకు కార్డు ప్రింటు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఈ సంగతి నాకు చెప్పింది.

"ఏ కాలేజైనా పర్వాలేదన్నా. అడిగితే తిట్టని సార్లుంటే చాలు. ల్యాబులో వైర్లు కలిపేటప్పుడు వెనక్కి తిప్పుకొని చూసేదానికి ఉండదు కదా" అంది.

"మీ నాయనకు చెప్పకపోయినావా?"

"చెప్తే ఆయన ఆ సారు మీదికి కొట్లాటకు పోతాడు."

నేను తలూపి ప్రింటర్లో కాగితం పెట్టుకున్నాను. అంత పెద్ద మాట నా చేతికి అందిస్తే నేను చేసింది అదీ.

సుబ్రమణ్యం నాలుగు మగ్గాల ఆసామి. మంచివాడు. కూతురంటే ప్రాణం. కానీ ఆయన మనసు తిరుపతి అవతల ఒక కాలేజీ మీద పడింది. దాని పేరు చెబితే వాళ్ల లాయరు నోటీసు పంపుతాడు కాబట్టి ఫౌంటెన్ కాలేజీ అని పిలుచుకుందాం. దాని మీద మనసు పడడానికి కారణం హరినాథ్. పక్క సందులో ఆరు మగ్గాల ఆసామి. ఆయన కూతురు చాందిని అక్కడే చదువుతోంది. రోజూ పొద్దున ఆ కాలేజీ ఏసీ బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది, లోపల కర్టెన్లు కూడా ఉంటాయి. మా వాళ్లందరూ పళ్లు తోముకుంటూ ఆ బస్సును చూస్తారు. సుబ్రమణ్యం రెండేళ్లుగా చూస్తున్నాడు.

చూడకుండా ఆప్షన్ పెట్టడం తప్పని నేను గట్టిగా అనేసరికి, ఆదివారం కాకుండా ఒక పనిరోజు చూసి కారు మాట్లాడుకున్నాం. చిత్తూరు వైపు ఇంకో పాత కాలేజీ ఉంది, ఫలితాలు బాగుంటాయని నేను విన్నాను, రెండూ చూసొద్దామన్నాను. మోనిక వాళ్లమ్మ షెడ్డు చూసుకోవాలి కనుక రాలేదు. కారులో ఒక చోటు మిగిలింది. తిరుచానూరు అమ్మవారి దర్శనం అయిపోతుందని గంగులమ్మ ఎక్కేసింది. కాలేజీ చూడ్డానికి ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ మాట దాచిపెట్టి లాభం లేదు.

దర్శనం చేసుకుని పదింటికి ఫౌంటెన్ కాలేజీకి చేరాం. ఐదంతస్తులు, ఎటు చూసినా అద్దాలు. సుబ్రమణ్యం చెప్పులు గేటు దగ్గరే విడవబోతే నేను ఆపాను. లోపల చల్లటి గది, మెత్తటి సోఫాలు, ఒక్కొక్కరికి ఒక జ్యూసు డబ్బా. టై కట్టుకున్న ఒకాయన వచ్చి గోడమీద బొమ్మలేసి చూపిస్తూ అరగంట మాట్లాడాడు. మాకు అర్థమైనంతలో, ఆ కాలేజీలో చేరిన వాళ్లకు ఉద్యోగం వద్దన్నా ఇచ్చి పంపిస్తారు.

మోనిక నోరు విప్పింది. "ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూడొచ్చా సార్?"

ఆయన నవ్వాడు. "తప్పకుండా అమ్మా. ఒక్క నిమిషం." అని పక్కనే ఉన్న అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఫోన్ తీశాడు.

మేం ముగ్గురం గోడమీద బొమ్మలు చూస్తున్నాం. గంగులమ్మ మాత్రం జ్యూసు డబ్బాలోంచి గొట్టంతో పీలుస్తూ ఆ అద్దం వైపే చూస్తోంది. ఆయన ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి, ల్యాబు తాళం సారు దగ్గరుంది, సారు మీటింగులో ఉన్నాడు, ఈలోగా క్యాంపస్ చూడండి అన్నాడు.

మెట్లు దిగుతుంటే గంగులమ్మ అంది, "ఇప్పుడు నీళ్లు లేస్తాయి సూడండి."

ఎక్కడ నీళ్లు అని నేను అడిగేలోపే ఎదురుగా ఎండిపోయి ఉన్న తొట్టెలోంచి బుస్సుమని ఫౌంటెన్ లేచింది. రంగుల లైట్లు కూడా వెలిగాయి. పట్టపగలు ఎండలో ఆ లైట్లెందుకో దేవుడికే తెలియాలి. సుబ్రమణ్యం అలాగే నిలబడిపోయాడు. తల్లికి ఆ సంగతి ముందే ఎలా తెలిసిందని ఆశ్చర్యపోవాల్సిన మనిషి, ఫౌంటెన్ చూసి ఆశ్చర్యపోయాడు.

కారెక్కాక నేనే అడిగాను. "అవ్వా, ఆ టై ఆయన ఫోన్లో ఏమన్నాడు?"

"నగరి నుంచి మగ్గాలోళ్లు వచ్చినారు, నీళ్లు ఇడువు అన్నాడు. ఆ పాప ల్యాబ్ అడగతా ఉండాది, తాళం లేదని చెప్తాను అన్నాడు. ఎలక్ట్రానిక్సు సార్లు ముగ్గురూ పని ఇడిసిపెట్టి ఎలబారి పోయినారంట. సీనియర్ పిలకాయల చేతనే పాఠం చెప్పిస్తా ఉండారంట."

ముందు సీట్లో కూర్చున్న సుబ్రమణ్యం వెనక్కి తిరిగాడు.

"సార్లు పోతారు, వస్తారు మా. అంత బిల్డింగ్ కట్టినోళ్లు ముగ్గురు సార్లను పెట్టుకోలేరా? మన షెడ్డులో మాత్రం పనోళ్లు పోవడం లేదా?" అని మళ్లీ ముందుకు తిరిగిపోయాడు.

ఆ తర్వాత చిత్తూరు చేరేదాకా ఆయన నాతో ఫౌంటెన్ కాలేజీ గురించే మాట్లాడుతున్నాడు. ముఖం రోడ్డు వైపు. వెనక సీట్లోంచి గంగులమ్మకు ఆయన మెడ మాత్రమే కనబడుతుంది. ఆమె రెండుసార్లు ముందుకు వంగి "ఏమంటా ఉండావురా?" అని అడిగింది. ఆయన రెండుసార్లూ చెయ్యి ఊపి "ఏం లే మా" అన్నాడు. ఆమె వెనక్కి వాలి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను. నేనైనా చెప్పి ఉండొచ్చు.

చిత్తూరు వైపు కాలేజీలో మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. జ్యూసు లేదు. వాచ్‌మన్ మాత్రం కుండలో నీళ్లిచ్చి, ప్రిన్సిపాల్ గారు చిత్తూరు వెళ్లారు, తిరిగి చూసుకోండి అన్నాడు. రెండంతస్తుల పాత భవనం, సున్నం పెచ్చులూడింది. క్యాంటీన్ రేకుల షెడ్డు. సుబ్రమణ్యం ఐదు నిమిషాల్లో మొత్తం చూసేశాడు.

"ఇది కాలేజా, రేషన్ గోడౌనా అప్పా? దీని కోసమా ఇంత దూరం తీసకొచ్చినావు?" అని నా మీద పడ్డాడు.

మోనిక ల్యాబు కిటికీలోంచి లోపలికి తొంగి చూసి వచ్చింది. తాళం లేదు, తలుపు తెరిచే ఉంది, లోపల పిల్లలు పని చేసుకుంటున్నారని చెప్పింది. ఆ మాట వాళ్ల నాయన చెవికెక్కలేదు. బయలుదేరదాం అనుకునేసరికి గంగులమ్మ లేదు.

ఆమె కోసం వరండాలన్నీ తిరిగాం. చివరికి పై అంతస్తులో ఒక క్లాసు రూము కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి కనిపించింది. లోపల సన్నటి సారు ఒకాయన పాఠం చెబుతున్నాడు. నలభై మంది పిల్లలు. గంగులమ్మ ఆ సారు నోటినే చూస్తోంది, కళ్లు ఆర్పడం లేదు. నేను భుజం తడితే చెయ్యి విదిలించింది. పాఠం అయ్యేదాకా రాలేదు. పావుగంట ఆ వరండాలో మేం ముగ్గురం ఆమె వెనక దొంగల్లా నిలబడ్డాం. లోపలి పిల్లలు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. సారు కూడా చూశాడు, పొమ్మనలేదు.

"అర్థమయిందా మా, ఇంజనీరింగు?" అని కారు దగ్గర సుబ్రమణ్యం ఎగతాళి చేశాడు. ఈసారి ఎదురుగా నిలబడే అన్నాడు కనుక ఆమెకు అందింది.

"పాఠం నాకెందుకు అర్థమవతాదిరా? ఆ సారు బోర్డు తట్టు తిరిగి మాట్లాడడు. రాసినంత సేపు రాసి, పిలకాయల తట్టు తిరిగినాకనే నోరు తెరస్తాడు. రెండో బెంచీలో ఒక పాప లేసి అర్థం కాలేదు సార్ అనింది. మళ్లీ చెప్పినాడు. అది మళ్లీ లేసింది. మళ్లీ చెప్పినాడు. మూడోసారి ఇంగ తిడతాడు సూడు అనుకున్నా. బోర్డు కాడి నుంచి దిగొచ్చి, దాని బెంచీ కాడే నిలబడి, ఇంగో మాదిరిగా చెప్పినాడు. ఆ పాప నవ్వింది." ఆమె మోనిక చెయ్యి పట్టుకుంది. "ఇదే మన కాలేజీ."

మోనిక ముఖం నాకు కనబడింది. నెట్ సెంటర్లో నాకు చెప్పుకున్న మాట, ఇంకెవరికీ చెప్పని మాట, అవ్వ ఒక కిటికీ దగ్గర నిలబడి వెతుక్కొచ్చింది. అవ్వకు ఎవరు చెప్పారని తర్వాత అడిగాను. ఎవరూ చెప్పలేదట. రెండేళ్లుగా ఫోన్లో ఒకే సారు ఒకే మాట నాలుగుసార్లు అంటుంటే చూస్తోంది కదా, ఈ పిల్లకు బడిలో ఎవరూ రెండోసారి చెప్పడం లేదని ఆమెకు తెలిసిపోయింది.

సుబ్రమణ్యం మాత్రం మెత్తబడలేదు. కార్వేటినగరం మీదుగా ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఊరికొచ్చాక సందులో అందరికీ ఫౌంటెన్ గురించి చెప్పాడు. హరినాథ్‌కు ప్రత్యేకంగా వెళ్లి చెప్పాడు.

ఆప్షన్లకు ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదు దాటితే ఇక మార్చడానికి ఉండదు. మూడింటికి ముగ్గురూ నా అంగడికి వచ్చారు. వెనక లైన్లో పదిహేను మంది. గంగులమ్మ గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది. సుబ్రమణ్యం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, స్క్రీన్ మీద వేలు పెట్టి ఫౌంటెన్ కాలేజీ మొదట, చిత్తూరుది రెండోది అన్నాడు. ఆ ర్యాంకుకు రెండూ వస్తాయి. మొదట ఏది పెడితే అదే. అంటే ఆ రెండో నంబరు ఉన్నా లేనట్టే.

"నాయనా, ఆ చిత్తూరుదే మొదట…" అని మోనిక మొదలుపెట్టింది.

"నువ్వు గమ్మునుండు పాపా, నీకు తెలీదు. హేమచంద్రా, నొక్కప్పా."

నేను చెప్పాల్సింది చెప్పాను. అన్నా, సార్లు లేరని అవ్వ చెప్పింది కదా అన్నాను. నీకెందుకప్పా అన్నాడు. నా అలవాటు మీకు తెలుసు కదా, తిట్టుకుంటూ టైపు చేశాను. ఆయన ఫోనుకు ఓటీపీ కూడా వచ్చేసింది.

స్టూలు మీద నుంచి గంగులమ్మ అడిగింది. "ఏది ముందర పెట్టినావురా?"

సుబ్రమణ్యం వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. "ఏం లే మా."

గంగులమ్మ లేచింది. వచ్చి కంప్యూటర్‌కీ కొడుక్కీ మధ్యన నిలబడింది. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న కొడుకు గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"నన్ను సూసి చెప్పు. పదిహేనేండ్లాయ నాకు చెవులు పోయి. ఏమన్నార్రా అని అడిగితే ఈ ఇంట్లో గానీ ఈ సందులో గానీ ఒక్కరన్నా రెండోసారి చెప్పినారా? ఏం లే, ఏం లే. మీరంతా నవ్వతా ఉంటే ఎందుకురా అంటే ఏం లే. మీ నాయన ఆస్పత్రిలో ఉన్నెప్పుడు డాక్టరు మూతికి గుడ్డ కట్టుకోని చెప్పినాడు, ఏమన్నాడురా అంటే ఏం లే. పొద్దున్నకి మనిషే లేడు. నా బతుకు అయిపోయె, పోనీ. దాని బతుకు కూడా ఏం లే అనేవోళ్ల కాడ పెడతావా?"

లైన్లో ఒకాయన ఫోన్ మోగితే కట్ చేసుకున్నాడు. సుబ్రమణ్యం ముఖం తిప్పుకోబోయాడు, ఆమె గడ్డం వదల్లేదు.

"సరే. ఆ నీళ్ల కాలేజీ ఎందుకో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. నేను ఒప్పుకుంటా."

సుబ్రమణ్యం గొంతు సవరించుకున్నాడు. చెవులు వినపడని వాళ్లతో మాట్లాడితే గొంతు దానంతటదే లేస్తుంది. "బిల్డింగ్ పెద్దది మా!"

"అర్థం కాలే. మళ్లీ చెప్పు."

"ఐదంతస్తుల బిల్డింగ్ మా!"

"ఊ. ఇంగ?"

"ఏసీ బస్సు! మన రోడ్డు కాడికే వస్తాది!"

"మళ్లీ చెప్పు."

ఆయన మాట ఆమెకు మొదటిసారే అందిందని నేను పందెం కడతాను. కానీ ఆమె అడుగుతోంది, ఆయన చెప్పాలి. బస్సు గురించి రెండోసారి చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. ఏసీ అనే మాట వదిలేశాడు.

"ఇంగ?"

"హరినాథ్ కూతురు ఆడే చదవతా ఉండాది!"

"అర్థం కాలే. మళ్లీ."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్రమణ్యం చెవులు ఎర్రబడ్డాయి. "హరినాథ్…" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఒక్కసారి చెబితే కారణం లాగే ఉన్న మాట, తల్లి ముఖంలోకి చూస్తూ రెండోసారి చెప్పేటప్పటికి ఎందుకో నోట్లోంచి రావడం లేదు. ఇంకేదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. ఆయన పెదాలు "ఫౌం" అన్నంత వరకు కదిలాయి. దాన్ని మొదటిసారి కూడా చెప్పలేకపోయాడు.

"మళ్లీ చెప్పరా" అంది గంగులమ్మ. ఈసారి గడ్డం వదిలి, మెల్లగా అంది.

ఆయన తల వంచుకున్నాడు. పక్కనున్న కూతురి వైపు చూశాడు. "నువ్వేమి చెప్పబోయినావు పాపా? మళ్లీ చెప్పు" అన్నాడు.

మోనిక చెప్పింది. ఇంటర్లో సారు తిట్టిన సంగతి, నాలుగుసార్లు వెనక్కి తిప్పుకున్న పాఠాల సంగతి, ఆ రెండో బెంచీ అమ్మాయి సంగతి. షెడ్డు గొంతుతోనే చెప్పింది, కాబట్టి లైన్లో పదిహేను మందికీ వినబడింది. ఎవరూ నవ్వలేదు. సుబ్రమణ్యం కొట్లాటకు కూడా లేవలేదు. భుజం మీద తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకుని మళ్లీ తల వంచుకున్నాడు, అంతే.

"హేమచంద్రా, ఆ చిత్తూరుదాన్ని పైకి లాగప్పా. నీళ్లదాన్ని తీసేయ్. రెండోదానికి గూడా వద్దు."

లాగాను. తీసేశాను. ఓటీపీ కొట్టి సబ్మిట్ నొక్కాను. సీటు అక్కడే వచ్చింది, మోనిక ఇప్పుడు రెండో ఏడాది చదువుతోంది, అది తర్వాతి సంగతి. ఆ నిమిషంలో మాత్రం నాకు వెనక లైన్లో పదిహేను మంది, గడియారంలో మూడున్నర.

గంగులమ్మ నా వైపు తిరిగింది. కొడుకు తల వంచుకుని మాట్లాడాడు కదా, ఆ మాట ఆమెకు అందలేదు. "వాడేమి చెప్పినాడు హేమా? ఏమి లాగినావు?"

నా చెయ్యి దానంతటదే లేచింది, "ఏం లే అవ్వా" అనడానికి. పన్నెండేళ్లుగా ఆమె నా అంగడి ముందు ఆగి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, నేను ఆ చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆ రోజు లేచిన చేతిని చూసుకుని నాకు సిగ్గేసింది. దించేశాను. కుర్చీలోంచి లేచి, కంప్యూటర్ దాటి వచ్చి, ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు చెప్పిన కాలేజీనే పెట్టినాము అవ్వా. అదొక్కటే పెట్టినాము."

"అర్థం కాలే. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె ముఖమంతా నవ్వు పరుచుకుంది. అందింది. మొదటిసారే అర్థమై ఉంటుంది.

"ఇంగొకసారి చెప్పు నాయనా. బాగుండాది" అంది.

లైన్లో వాళ్లు గడియారం చూపిస్తున్నారు. నేను మూడోసారి చెప్పాను.